తర్జుమా, తర్గుమన్ను: లువియన్ మూలం ఎంతవరకు నిలుస్తుంది?

ప్రశ్న: "తర్జుమా"ను కొందరు తర్జనభర్జనతో ముడిపెడుతున్నారు. ప్రాచీన అనటోలియా, అంటే నేటి టర్కీలోని లువియన్ భాషే దీని పుట్టిల్లని ఇంకొందరు. ఏది నమ్మాలండీ?

జవాబు: తర్జనభర్జనతో ఏ చుట్టరికమూ లేదండి. దానిలోని "తర్జ్" సంస్కృత ధాతువు, అర్థం బెదిరించడం. తర్జుమా మనకు అరబ్బీ నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చింది. అరబ్బీలో దుబాసిని "తర్జుమాన్" అంటారు. అరబ్బీ, హీబ్రూలు చేరే సెమిటిక్ కుటుంబంలోని పాత "గ" అరబ్బీలో "జ" అవుతుంది. హీబ్రూలో ఒంటె "గామాల్", అరబ్బీలో "జమల్". అలా వెనక్కి వెళ్తే అదే కుటుంబంలోని అరామిక్, దానికీ ముందు ప్రాచీన ఇరాక్ భాష అక్కాడియన్‌లో దుబాసి అనే అర్థంలోనే "తర్గుమన్ను". క్రీ.పూ. 19వ శతాబ్దంలో కనేష్‌లో, అంటే నేటి టర్కీలోని కైసెరి దగ్గర కుల్‌తెపెలో, స్థిరపడిన అస్సిరియా వర్తకుల మట్టిపలకల్లోనే ఈ మాట ఉంది. ఇంతవరకు పేచీ లేదు.

మరొకరు: పేచీ అంతా ఆ వెనక మెట్టు దగ్గరే. తర్గుమన్ను అక్కాడియన్ "రగాము" నుంచే పుట్టిందని ఒక వాదన. రగాము అంటే కేక వేయడం, దావా వేయడం. సిరియా తీరంలోని ప్రాచీన నగరం ఉగరిట్ భాషలో "ర-గ-మ" అంటే చెప్పడం. అర్థం చక్కగా కుదురుతుంది. రూపమే కుదరదు. ముందు "త" చేర్చి నామవాచకం చేయడం అక్కాడియన్‌లో ఉన్నదే: "మకారు" నుంచి "తమ్కారు", వర్తకుడు. ఆ లెక్కన "తర్గాము" రావాలి. మధ్యలో ఉకారం, చివర "అన్ను" ఎందుకొచ్చాయో ఆ పద్ధతితో తేలదు.

లువియన్‌కు దగ్గరి చుట్టమైన అనటోలియా భాష హిట్టైట్. దాని పలకల్లో "తర్కుమ్మియ" అనే క్రియ ఉంది: ప్రకటించు, వివరించి చెప్పు. దీన్ని ఆధారం చేసుకుని ఫ్రాంక్ స్టార్కె అనే పండితుడు 1993లో తర్గుమన్నుకు లువియన్ మూలాన్ని ప్రతిపాదించాడు. కనేష్ అస్సిరియన్‌లో ఒప్పందానికి "ఇష్‌హియులు" లాంటి అనటోలియా మాటలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి, స్థానికుల మాట వర్తకుల నోట చేరడం వింతేమీ కాదు.

ప్రశ్న: అక్కడ "క", ఇక్కడ "గ". అది అడ్డు కాదా?

జవాబు: కాదు. హిట్టైట్ లేఖకులు క, గ గుర్తులను తేడా పాటించకుండా వాడారు. రెండు అచ్చుల మధ్య అయితే హల్లును జంటగా రాశారా, ఒంటిగా రాశారా అన్నది చూసి పోల్చుకోవచ్చు. ఇక్కడ ముందు "ర్" ఉంది కాబట్టి ఆ ఉపాయం పనిచేయదు. ఆ రాత ఏ పక్షానికీ సాక్ష్యం కాదు. అసలు బలహీనత వేరే: క్రియ దొరికింది హిట్టైట్‌లో, లువియన్ అన్నది దాన్నిబట్టి వేసిన అంచనా. అక్కాడియన్ మాటే అనటోలియాకు వెళ్లి క్రియగా మారిందనే వాదన కూడా కొట్టిపారేసేది కాదు.

ఇంకొకరు: దక్షిణ ఇరాక్ ప్రాచీన భాష సుమేరియన్ దారి పూర్తిగా వేరు. అక్కడ దుబాసి "ఎమె-బల్": ఎమె నాలుక, బల్ తిప్పడం. లూవ్ర్ మ్యూజియంలోని అక్కద్ కాలపు ముద్ర ఒకటి షు-ఇలిషు అనే "మెలుహ్హ భాష దుబాసి"ది. మెలుహ్హ అంటే సింధు ప్రాంతమని చాలామంది పండితుల అభిప్రాయం. ఇక క్రీ.పూ. 14వ శతాబ్దపు అమర్నా లేఖల్లో, అంటే ఈజిప్టులో దొరికిన రాజుల ఉత్తరాల్లో, 21వదానిలో ఉత్తర సిరియా ప్రాంతపు మితన్ని రాజు తుష్రత్త, ఈజిప్టు రాయబారి మనెను, దుబాసి హనెను దేవుళ్లలా గౌరవించానని ఫరోకు రాశాడు.

ప్రశ్న: మరి నిఘంటువులో ఎలా రాయాలి?

జవాబు: ఉర్దూ, ఫారసీ, అరబ్బీ, అరామిక్, అక్కాడియన్ వరకు ధీమాగా రాయండి. లువియన్ పక్కన ప్రశ్నార్థకం తప్పకుండా పెట్టండి.