సమాధుల తోట రికార్డులతో జాతిని తేల్చవచ్చా?

పాత దస్తావేజు (చర్చ ప్రారంభించినవారు):
అమెరికాలోని పెన్సిల్వేనియా బొగ్గు గనుల్లో పనికోసం 1880ల నుంచి పెద్ద ఎత్తున వలస వచ్చిన తూర్పు ఐరోపా స్లావ్ ప్రజలు ఓడ ప్రయాణికుల పాత జాబితాల్లో ఎక్కువగా ఆస్ట్రియా, హంగేరీ దేశస్థులుగానే నమోదయ్యారు. 1899 నుంచి మాత్రమే వలస అధికారులు జాతిని విడిగా లెక్కించసాగారు. అంతకు ముందు వచ్చినవారిలో స్లొవాకులెవరో, పోలిష్‌వారెవరో, కార్పాతియన్ కొండల్లోని తూర్పు స్లావులైన రుసిన్లెవరో చర్చిల ఖనన రిజిస్టర్లను, సమాధి రాళ్లను బట్టి తేల్చవచ్చన్న వాదన ఎంతవరకు నిలుస్తుందో సభ్యులు చెప్పగోరుతున్నాను.

శిలాక్షరం:
నిలుస్తుందనే నా అభిప్రాయం. ఆ గనుల ఊళ్లలో ఒక్కో జాతివారు వీలు చిక్కగానే తమ చర్చిని, తమ సమాధుల తోటను విడిగా ఏర్పరచుకున్నారు. షెనండోవాలో 1884లో ఫాదర్ ఇవాన్ వోల్యాన్‌స్కీ అమెరికాలోని తొలి గ్రీక్ క్యాథలిక్ (పోప్‌ను అంగీకరిస్తూనే తూర్పు క్రైస్తవ ఆరాధన పద్ధతిని పాటించే) పారిష్‌ను ప్రారంభించింది కూడా ఇందుకే. మూడు అడ్డుకమ్ముల శిలువ, సిరిలిక్ లిపి కనిపిస్తే ఆ కుటుంబం తూర్పు క్రైస్తవ సంప్రదాయానికి చెందినదని తెలిసిపోతుంది. స్లొవాకుల రాళ్ల మీదైతే పుట్టిన ఊరితో పాటు షారిష్, జెంప్లిన్ వంటి జిల్లా పేర్లు కూడా తరచు కనిపిస్తాయి. బతికినన్నాళ్లూ గని గుమాస్తా తోచినట్టు రాసిన పేరుతో నెట్టుకొచ్చిన మనిషి అసలు పేరు, తనవాళ్లు చెక్కించిన ఆ రాతి మీదనే దొరుకుతుంది.

కొండవాగు:
శిలాక్షరం గారూ, మీరు చూపినవన్నీ మతానికి ఆధారాలు. వాటి నుంచి జాతికి దూకడమే చిక్కు. 1889లో మినియాపొలిస్‌కు వచ్చిన గ్రీక్ క్యాథలిక్ గురువు అలెక్సిస్ తోత్ ఒకప్పుడు వివాహితుడు, అప్పటికి భార్యను కోల్పోయినవాడు. గురువులు అవివాహితులుగానే ఉండాలన్న రోమన్ క్యాథలిక్ ఆర్చిబిషప్ జాన్ ఐర్లండ్ ఆయనను గురువుగా అంగీకరించలేదు. దాంతో 1891లో తోత్ తన పారిష్‌తో సహా రష్యన్ ఆర్థడాక్స్ చర్చిలో చేరిపోయారు, ఆ తరువాత వేలాదిమంది అదే దారి పట్టారు. రష్యా ముఖమైనా చూడని కార్పాతియన్ కొండల రైతులు రష్యన్ తోటల్లో రష్యన్లుగా నిద్రిస్తున్నది అందువల్లనే. గ్రీక్ క్యాథలిక్కులుగా మిగిలినవారికి కూడా 1924లో, ఒకప్పుడు ఆస్ట్రియా పాలనలో ఉండిన గలీషియా ప్రాంతం నుంచి వచ్చినవారికొకటి, హంగేరీ నుంచి వచ్చినవారికొకటి చొప్పున రెండు వేర్వేరు చర్చి పాలనలు ఏర్పడ్డాయి. తాత ఏ తోటలో ఉన్నాడన్న దాన్ని బట్టి మనవడు ఉక్రేనియన్‌గానో రుసిన్‌గానో పెరిగిన ఇళ్లు తక్కువేమీ కావు.

1897 సెప్టెంబరు 10న పెన్సిల్వేనియాలోని లాటిమర్ గనుల ఊళ్లో షెరీఫ్ మనుషులు నిరాయుధులైన సమ్మె కార్మికులపై కాల్పులు జరిపి 19 మందిని చంపారు. మృతుల్లో పోలిష్‌వారు, స్లొవాకులే కాక లిథువేనియన్లు కూడా ఉన్నారు, లిథువేనియన్లు అసలు స్లావులే కారు. పోలిష్ తోటలో పాతిపెట్టిన ప్రతివారినీ పోలిష్ జాతి కింద రాసుకుపోతే ఇటువంటివారు లెక్కలోంచి మాయమవుతారు.

పెన్సిల్వేనియా రాష్ట్ర ప్రభుత్వం 1906 నుంచి జారీ చేసిన మరణ ధ్రువపత్రాలూ అంతే. పుట్టిన చోటు చెప్పింది చనిపోయినవాడు కాదు కదా! భార్య, కొడుకు, ఒక్కోసారి అదే ఇంట్లో బాడుగకున్న తోటి కూలీ చెప్పిందే రికార్డయింది.

శిలాక్షరం:
అందుకని రిజిస్టరును పక్కన పడేయలేము. అందులో దొరికిన ఊరి పేరు పట్టుకుని, మాతృభాషను అడిగిన 1910 జనగణనతో, ఓడల జాబితాతో సరిచూసుకోవచ్చు. చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ సంగతే చూడండి. పిట్స్‌బర్గ్ దగ్గర బెతెల్ పార్క్‌లోని బైజాంటైన్ క్యాథలిక్ (గ్రీక్ క్యాథలిక్కులకే మరో పేరు) సమాధుల తోటలో ఆయన సమాధి ఉంది. ఆ ఒక్క సంగతి వల్ల ఆయన చర్చి మాత్రమే తెలుస్తుంది. తల్లిదండ్రుల ఊరు మికోవా అని, అది రుసిన్ల గ్రామమని తెలిశాకే జాతి స్పష్టమవుతుంది.

పాత దస్తావేజు:
అలాగైతే సమాధుల వివరాలు రాసుకునే మన జాబితాలో చర్చి, ఊరు, రాతి మీది భాష అని మూడు గడులు పెట్టి, జాతి గడిని తీసివేస్తే సరిపోదా?

కొండవాగు:
సరిపోదండీ. ఖాళీని తరువాతివారు తమకు తోచినట్టు నింపుతారు. మికోవా నేడు స్లొవాకియాలో ఉంది కనుక స్లొవాక్ అనేస్తారు. సొంత రాజ్యం లేని రుసిన్లకే అందువల్ల ఎక్కువ నష్టం. జాతి గడి ఉండాల్సిందే. అయితే ఏ రికార్డును బట్టి, ఎవరి మాట మీద అది రాశామో దాని పక్కనే నమోదు చేయాలి, వేరే ఆధారం దొరికితే పాతది కొట్టివేయకుండా కింద రెండో వరుసలో చేర్చాలి.