చర్చ: చిన్న డిజిటల్ కెమెరా వాడినవాళ్లు కాస్త చెప్పండి, ఇంట్లో తీసినవన్నీ అలుక్కుపోతున్నాయి

తొలి_క్లిక్

అందరికీ నమస్కారం. పది రోజుల కిందట నా మొదటి కెమెరా కొనుక్కున్నాను. జేబులో పట్టే కాంపాక్ట్. 20 మెగాపిక్సెల్, 8ఎక్స్ జూమ్, సీసీడీ రకం సెన్సర్ (వెలుతురును ఫోటోగా మార్చే చిప్). పగలు ఆరుబయట తీస్తే ఫోటోలు ముచ్చటగా వస్తున్నాయి. ఇంట్లోకి వచ్చేసరికి అంతా తారుమారు. మొన్న రాత్రి ట్యూబ్‌లైట్ కింద మా అమ్మమ్మ సూదిలో దారం ఎక్కిస్తుంటే ఆరు ఫోటోలు తీశాను. ఆరూ పోయాయి. ఒకదాంట్లో వెనకాల గోడ మీది క్యాలెండర్‌లో అంకెలు చక్కగా చదవొచ్చు, ఆవిడ ముఖం మాత్రం మసక. మిగతా వాటిలో అన్నీ మసకే.

లోపం కెమెరాలో ఉందా, నేను తీసే తీరులో ఉందా? వాపసు ఇచ్చే గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది. అదే టెన్షన్.

సగం_నొక్కు

గడువు ముగిసేలోపే తేలిపోతుంది, కంగారు పడకండి. మీరు చెప్పినదాన్ని బట్టి అక్కడ రెండు వేర్వేరు ఇబ్బందులు ఉన్నాయి. క్యాలెండర్ బాగా పడి ముఖం మసకగా ఉన్న ఫోటోలో ఫోకస్ గోడ మీదికి పోయింది. మిగతా ఐదింటినీ కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూడండి. గీతలన్నీ ఒకే వైపు సాగినట్టు ఉంటే చెయ్యి కదిలినట్టు. గోడ సరిగ్గా ఉండి చేతులు మాత్రమే సాగి ఉంటే ఆవిడ కదిలినట్టు.

ఫోకస్ సంగతికి మందు ఒక్కటే. బటన్‌ను ఒకేసారి కిందిదాకా నొక్కేయకండి. సగం నొక్కి ఆపండి. స్క్రీన్ మీద పచ్చ గడి ఎక్కడ వెలిగిందో చూడండి. అది ముఖం మీద లేకపోతే వేలు తీసేసి మళ్లీ సగం నొక్కండి. ముఖం మీద పడ్డాకే మిగతా సగం. నాకు ఇది వేలికి అలవాటు కావడానికి ఓ వారం పట్టింది. అది అలవాటయ్యాక పాడైపోయే ఫోటోలు బాగా తగ్గిపోయాయి. ఇంకో లాభం కూడా ఉంది. నొక్కిన తర్వాత క్షణం ఆగి ఫోటో పడుతోందని ఈ కెమెరాలను అంటారు కదా, ఆ ఆలస్యంలో ఎక్కువ భాగం ఫోకస్ వెతుక్కోవడానికే పోతుంది. ముందే సగం నొక్కి సిద్ధంగా ఉంటే ఆ సమయం ఆదా అవుతుంది.

ఒక ప్రశ్న. ఆ ఫోటోలు జూమ్ చేసి తీశారా?

తొలి_క్లిక్

అవునండీ. ఆవిడకు తెలిస్తే పని ఆపేస్తుందని గదికి అవతలి వైపు నుంచి పూర్తిగా జూమ్ చేసి తీశాను.

నిదానం

అసలు చిక్కు అక్కడే ఉంది. లెన్స్ చుట్టూ రాసి ఉన్న అంకెలు చూడండి. ఈ రకం కెమెరాల్లో సాధారణంగా ఎఫ్/3.2–6.9 లాంటిది ఉంటుంది. లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే కొలత అది, అంకె పెరిగితే వెలుతురు తగ్గుతుంది. మొదటి అంకె జూమ్ చేయనప్పటిది, రెండోది పూర్తిగా జూమ్ చేసినప్పటిది. 3.2 నుంచి 6.9కి వెళ్లేసరికి లోపలికి వచ్చే వెలుతురు నాలుగో వంతు కూడా ఉండదు. ఆ లోటు పూడ్చుకోవడానికి కెమెరా షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, ఆలోపు ఏది కదిలినా మసకే. పైగా జూమ్‌లో చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది. రెండు దెబ్బలూ ఒకేసారి.

సెన్సర్ కూడా చాలా చిన్నదండీ. ఈ తరగతి కెమెరాల్లో ఎక్కువగా ఉండే 1/2.3 అంగుళాల సెన్సర్ అసలు కొలత సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు. చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. పెద్ద కెమెరాల్లోని 36 × 24 మిల్లీమీటర్ల ఫుల్ ఫ్రేమ్ దీనికి 30 రెట్లు ఉంటుంది. అంత చిన్న చోట 20 మెగాపిక్సెళ్లు కుక్కారు. ఎండలో దానికి లోటు తెలియదు. ట్యూబ్‌లైట్ కింద ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపిస్తోందో చెప్పే అంకె) 800 దాటిందంటే చర్మం మీద రంగు చుక్కలు వస్తాయి, వాటిని చెరిపే పనిలో కెమెరా వెంట్రుకలను కూడా మైనంలా కలిపేస్తుంది.

నేను ఏం చేస్తానంటే, జూమ్ ముట్టుకోకుండా నేనే దగ్గరికి నడుస్తాను. మనిషిని కిటికీ పక్కన కూర్చోబెడతాను, వెలుతురు ముఖానికి పక్కనుంచి పడేలా. కిటికీ వెనకాల పడకూడదు, ముఖం నల్లబడిపోతుంది. మోచేతులు డొక్కలకు ఆనించి ఊపిరి బిగబట్టి నొక్కుతాను. కదలని వస్తువైతే బల్ల మీద పెట్టి 2 సెకన్ల టైమర్ వాడతాను, అప్పుడు వేలు తగిలి కదలడం కూడా ఉండదు.

ఫ్లాష్ గురించి కూడా చెప్పాలి. వీటి ఫ్లాష్ మూడు మీటర్ల దాకా పనికొస్తుంది, అదీ జూమ్ లేనప్పుడు. దూరం రెండింతలైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. సభలో వెనక వరుసలోంచి వేదిక మీదికి ఫ్లాష్ కొడితే ముందువాళ్ల తలలే తెల్లబడతాయి.

నీలిగాలి

నాది వేరే గొడవ, సెల్స్. నా పాత కెమెరా రెండు డబుల్ ఏ సెల్స్‌తో నడిచేది. మామూలు ఆల్కలైన్ సెల్స్ వేస్తే కొద్దిసేపటికే బ్యాటరీ అయిపోయిందని ఆగిపోయేది. అవే సెల్స్ తీసి గోడ గడియారంలో వేస్తే నెలలు నడిచాయి! తర్వాత తెలిసింది, సెల్స్‌లో శక్తి ఇంకా ఉంది. కానీ లెన్స్ ముందుకు రావడానికీ, ఫ్లాష్ నిండటానికీ కెమెరా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ క్షణంలో ఆల్కలైన్ సెల్ వోల్టేజి జారిపోతుంది, కెమెరా అది చూసి అయిపోయిందనుకుంటుంది. ఛార్జింగ్ పెట్టుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్‌కు మారాను. వాటి మీద 1.5 బదులు 1.2 వోల్ట్ అని ఉంటుంది కాబట్టి తక్కువేమో అనిపిస్తుంది. కానీ భారం పడ్డా నిలబడేది అవే. మెనూలో బ్యాటరీ రకం అని ఉంటే అది కూడా మార్చండి, లేకపోతే తప్పుడు హెచ్చరికలు వస్తాయి.

రెండు_జేబులు

అడిగినాయన నొచ్చుకోకూడదు, మనసులో మాట చెబుతున్నాను. రాత్రిపూట ఇంట్లో ఫోటోలకే కొన్నట్టయితే వాపసు ఇచ్చేయండి. ఇప్పటి ఫోన్లు ఒక్క నొక్కుకు అనేక ఫ్రేములు తీసి కలుపుతాయి, అందుకే చీకట్లో కూడా నెట్టుకొస్తాయి. చవక కాంపాక్ట్ ఒక్క ఫ్రేమ్‌తోనే సరిపెట్టుకోవాలి. జనం అందుకే వదిలేశారు. జపాన్ కెమెరా కంపెనీల సంఘం సీపా లెక్కల్లో 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు బయటికి వెళ్లాయి, అందులో 10 కోట్లకు పైగా ఇలా లెన్స్ విప్పలేనివే. 2023కి అన్ని రకాలూ కలిపినా 80 లక్షలు లేవు.

సగం_నొక్కు

రాత్రి సంగతి ఒప్పుకుంటాను. కానీ అసలైన లెన్స్ జూమ్ అన్ని ఫోన్లలో ఉండదు కదా. మా అబ్బాయి స్కూల్ మైదానంలో పరుగు పందెంలో ఉంటే గట్టు మీది నుంచి మొహం నిండుగా తీసింది ఈ చిన్న కెమెరానే. ఒక్క జాగ్రత్త, డిజిటల్ జూమ్‌ను మెనూలో పూర్తిగా ఆపేయండి. అది దగ్గరికి తేవడం కాదు, ఉన్న ఫోటోలో ముక్క కోసి సాగదీయడం. ఆ కోత ఇంటికొచ్చాక కూడా చేసుకోవచ్చు.

మెగాపిక్సెళ్ల గురించి కూడా బెంగ వద్దు. 6 × 4 అంగుళాల ప్రింటు 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో వేయడానికి 1800 × 1200 పిక్సెళ్లు చాలు, అంటే రెండు మెగాపిక్సెళ్ల పైచిలుకు.

ఇసుక_గూడు

కొత్తగా కొన్నవాళ్లు నా అనుభవం చదవాలి. సముద్రం ఒడ్డున తీసి, అలాగే ప్యాంటు జేబులో వేసుకున్నాను. మర్నాడు ఆన్ చేస్తే లెన్స్ సగం బయటికొచ్చి కిర్రుమంటూ ఆగిపోయింది. స్క్రీన్ మీద లెన్స్ ఎర్రర్. లెన్స్ గొట్టాల మధ్య సన్నటి ఇసుక చేరింది. రిపేరుకు ఇస్తే కొత్త కెమెరా అంత అవుతుందన్నారు. ఇంట్లో కెమెరాను తలకిందులుగా, లెన్స్ నేలవైపు ఉండేలా పట్టుకుని, రబ్బరు బుడ్డి బ్లోయర్‌తో గొట్టాల చుట్టూ ఊదుతూ ఆన్, ఆఫ్ చేశాను. ఓ పది సార్లయ్యాక రెండు రేణువులు రాలి లెన్స్ లోపలికి వెళ్లింది. నాకు పనిచేసింది, అందరికీ చేస్తుందని హామీ ఇవ్వలేను. నోటితో మాత్రం ఊదకండి, తడి చేరుతుంది. లెన్స్‌ను చేత్తో బలంగా నెట్టకండి, లోపల ఉండేవి చిన్న ప్లాస్టిక్ పళ్లచక్రాలు.

అప్పటి నుంచి ఇసుక ఉన్నచోట జిప్ కవర్‌లోనే కెమెరా. మణికట్టు తాడు ఎప్పుడూ చేతికే.

తొలి_క్లిక్

ఇవాళ ఉదయం మీరంతా చెప్పినట్టే చేశాను. అమ్మమ్మను కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చోమన్నాను. జూమ్ లేదు, ఫ్లాష్ ఆఫ్, మోచేతులు డొక్కలకు ఆనించాను. పచ్చ గడి మొదట కిటికీ ఊచ మీద వెలిగింది. వదిలేసి మళ్లీ నొక్కాను. ఈసారి ముఖం మీద.

దారం కొసను ఆవిడ పెదాల మధ్య తడిపి, ఒక కన్ను మూసి, సూది బెజ్జంలోకి చూస్తోంది. ఫోటోను పెద్దది చేసి చూశాను. వేలి చివర సూదిపోట్ల గరుకు, దారం పోగులు, కంటి పక్క ముడతలు, అన్నీ ఉన్నాయి. ఐఎస్ఓ 200 అని చూపిస్తోంది. రాత్రి తీసిన వాటిలో అది 1600!

కెమెరా వాపసు ఇవ్వడం లేదు. రెండు_జేబులు గారూ, మీరు చెప్పింది కూడా నిజమే, రాత్రిళ్లు ఫోన్‌తోనే తీస్తాను.

ఒక సందేహం మిగిలింది. ఈ ఫోటో తేదీ ఏళ్ల కిందటిది చూపిస్తోంది. ఎందుకు?

నిదానం

చాలా సంతోషం. తేదీ, గంట గుర్తుంచుకోవడానికి లోపల ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. అది పెద్ద బ్యాటరీ నుంచే నిండుతుంది. పెట్టెలో ఎక్కువ కాలం ఉంటే ఖాళీ అయిపోయి గడియారం మొదటికి వెళ్తుంది. ఛార్జ్ చేసిన బ్యాటరీని కెమెరాలోనే ఒక రోజు ఉంచి, తర్వాత తేదీ సరిచేయండి. ఈ పది రోజుల ఫోటోలన్నీ అదే పాత తేదీల్లో ఉంటాయి, కంప్యూటర్‌లో పేర్చేటప్పుడు ఎక్కడో అడుగున పడతాయి. అమ్మమ్మగారిది ముందు వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసి ఉంచండి. కార్డును ఫార్మాట్ చేసేది ఆ తర్వాతే.