ఫ్రెంచ్‌లో "ఎంత వస్తుందనుకుంటున్నావ్" అని క్యాజువల్‌గా ఎలా అడగాలి?

అర్ధరాత్రి_ఫ్రెంచ్: నాతో పాటు క్లాస్‌లో ఉన్న ఫ్రెంచ్ అమ్మాయి రూమ్ ఖాళీ చేస్తోంది, సైకిల్ కూడా అమ్మేస్తోంది. సైకిల్‌కి ఎంత వస్తుందనుకుంటున్నావ్, అడ్వాన్స్‌లో ఎంత వెనక్కిస్తారు అని మామూలుగా ఫ్రెండ్‌ని అడిగినట్టు అడగాలి. ట్రాన్స్‌లేషన్ యాప్‌లో కొడితే "కొంబ్యాఁ దార్జాఁ అతాఁ త్యు" అని వచ్చింది, ఇలా అడిగితే ఓకేనా? ఏదో కోర్టులో అడిగినట్టుంది నాకైతే.

బీటూ_బాధితుడు: వద్దు బ్రో 😄 "అతాఁద్ర్" అంటే ఎదురుచూడటం, బస్సు కోసం చూసినట్టు. ఎక్స్‌పెక్ట్ చేయడానికి "సతాఁద్ర్ ఆ" అని వేరే ఉంది, "త్యు తతాఁ ఆ కొంబ్యాఁ" అంటే అర్థమవుతుంది, తప్పు కూడా కాదు. కానీ అసలు ఆ వెర్బే అక్కర్లేదు. మనం తెలుగులో ఎక్స్‌పెక్ట్ అనం కదా, "ఎంత వస్తుందనుకుంటున్నావ్" అంటాం, వాళ్ళూ అంతే, "త్యు పాఁస్" (అనుకుంటున్నావ్) అని మొదలుపెట్టి డబ్బు ఎలా వస్తుందో దాని వెర్బ్ పెట్టి "కొంబ్యాఁ" (ఎంత) చివర్లో పడేస్తారు. సైకిల్ అమ్మితే "త్యు పాఁస్ ఆఁ తిరే కొంబ్యాఁ". ఇచ్చిన అడ్వాన్స్ వెనక్కి రావాలంటే "త్యు పాఁస్ రెక్యుపెరే కొంబ్యాఁ". జీతం, బోనస్, అద్దె సాయం లాంటివి చేతికొచ్చేవైతే "తుషే": "త్యు పాఁస్ తుషే కొంబ్యాఁ". "కొంబ్యాఁ" ముందుకొచ్చి, వెర్బ్, "త్యు" (నువ్వు) తిరగబడితే అది పుస్తకాల ఫ్రెంచ్, నీకు కోర్టులా అనిపించింది అందుకే.

సున్నా_అరసున్నా: పైన అన్నది కరెక్ట్. డబ్బు మన జేబులోంచి పోయేదైతే ఇవేవీ పనికిరావు, అప్పుడు "ఫో కోఁతే కొంబ్యాఁ", అంటే ఎంత వేసుకోవాలి అని. రిపేర్‌కి ఎంతవుద్దో, ట్రైన్ టికెట్‌కి ఎంతవుద్దో అన్నిటికీ ఇదే. ఇంకొంచెం వాడుకగా కావాలంటే "సా వా షెర్షే దాఁ లే కొంబ్యాఁ", దీనికి జవాబు "దాఁ లే దూ సాఁ" అని వస్తుంది, ఓ రెండొందల దాకా అని.

అడగడం ఈజీనే అండీ, జవాబు పట్టుకోవడమే కష్టం. 1500ని "కేఁజ్ సాఁ" అంటారు చాలామంది, మన పదిహేను వందల్లాగే, అది మనకి సుఖం. "యున్ సాఁతెన్" అంటే ఓ వంద, అటూ ఇటూ. యూరోని "బాల్" అంటారు, ఫ్రాంకుల కాలం మాట, 2002లో యూరో నోట్లు వచ్చాక కూడా వదల్లేదు. 70, 90 దగ్గర ఏడుపే, "అరవై-పది", "నాలుగు-ఇరవైలు-పది" అన్నట్టు చెప్తారు, బెల్జియం వాళ్ళు "సెప్తాఁత్", "నొనాఁత్" అనేస్తారు హాయిగా.

అర్ధరాత్రి_ఫ్రెంచ్: సూపర్, థాంక్స్ ఇద్దరికీ. ఇదే "తుషే"తో వాళ్ళన్నయ్య కొత్త జాబ్ జీతం అడగొచ్చా?

పారిస్_మెట్రో_లో_నిద్ర: గ్రామర్ పరంగా అడగొచ్చు, కానీ అడక్కు 🙏 అక్కడ జీతం అడగడం చాలామందికి ఇబ్బంది, బాగా క్లోజ్ అయితే తప్ప. స్టూడెంట్స్ మధ్య "త్యు తుష్ కొంబ్యాఁ దాపేఎల్" (అద్దె సాయం ఎంతొస్తుంది) మామూలే, దానికెవరూ ఏమీ అనుకోరు. జీతం గురించి ఎవరైనా వాళ్ళంతట వాళ్ళే చెప్తే "బ్ర్యుత్ ఊ నెత్" అని అడుగు, కోతలకి ముందా తర్వాతా అని, చాలా తేడా ఉంటది. జాబ్ ఆఫర్లలో ఎక్కువగా ఏడాది మొత్తం "బ్ర్యుత్"లో (కోతలకి ముందుది) చెప్తారు. ఇంటర్వ్యూలో వాళ్ళే నిన్ను అడిగితే మాత్రం "ప్రెతాఁస్యోఁ సలారియాల్" అని పెద్ద మాట వస్తుంది, కంగారుపడకు, ఎంత కావాలి అనే దాని అర్థం.

బీటూ_బాధితుడు: +1. ఆ అమ్మాయి ఇంటి ఓనర్‌తో నువ్వే మాట్లాడాల్సి వస్తే "త్యు" కాదు, "వు పాఁసే" (మీరు అనుకుంటున్నారు) అను, లేకపోతే అడ్వాన్స్ సంగతి దేవుడెరుగు.