చంపినవాడి మీద జాలి ఎందుకొస్తోంది? సంగీతం తెలిసినవాళ్లు చెప్పండి

మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. మొన్న రాత్రి తమ్ముడూ నేనూ హాలీవుడ్ సినిమా ‘జోకర్’ (2019) మళ్లీ చూశాం. అందులో హీరో ఆర్థర్ రైలు దగ్గర ముగ్గురిని కాల్చేసి, పరుగెత్తుకెళ్లి ఒక టాయిలెట్‌లో దూరి తలుపేసుకుంటాడు. అక్కడ మెల్లగా కాలు కదిపి, చేతులు చాచి ఆడతాడు. వెనక చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) మూలుగుతుంటుంది. నాకైతే కళ్లు చెమర్చాయి. అమ్మ నిద్రపోతోందని సౌండ్ తీసేసి అదే సీన్ మళ్లీ వేస్తే వాడంటే భయమేసింది. ఆ జాలి ఏమైపోయిందో!

ఆ సంగీతం హిల్దుర్ గుడ్నడొట్టిర్‌ది, ఆస్కార్ కూడా వచ్చింది. షూటింగ్‌కి ముందే కట్టిన ఆ బాణీని సెట్లో వినిపిస్తే, ఆర్థర్‌గా వేసిన వాకీన్ ఫీనిక్స్ అప్పటికప్పుడు ఆడాడట.

నా డౌటల్లా ఇదే: చెల్లో నాదం మనిషి గొంతుకి దగ్గరగా ఉండటం వల్లేనా ఈ జాలి? లేక స్వరాలు అంత నిదానంగా సాగడం వల్లా? అదే చోట మన మాస్ సినిమాల్లాగా డప్పులు మోగిస్తే ఈలలేసేవాళ్లమేమో. తమ్ముడేమో అంతా నటనే, సంగీతానిదేం లేదంటాడు. వయొలినో వీణో వాయించేవాళ్లుంటే కాస్త విడమరిచి చెప్పండి. ఆదివారం బీచ్ రోడ్డులో ఫ్రెండ్స్ ముందు మళ్లీ ఇదే గొడవ ఉంది.