కీలో దొరకని స్టీనస్, కొత్త జాతే అనుకోవచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్తే. ఎండుటాకుల చెత్త జల్లెడ పడితే ఒకే చోట మూడు రోవ్ బీటిల్స్ (పొట్టి రెక్కల పెంకు పురుగులు) దొరికాయి, గుడ్లు తేలేసినట్టు పెద్ద కళ్లు, స్టీనస్ అనే ప్రజాతి అని గట్టిగానే అనుకుంటున్నా. కీ (లక్షణాలు ఒక్కోటీ చూసుకుంటూ జాతి పేరు తేల్చే పట్టిక) పెట్టుకుని చూస్తే ఎక్కడా కుదరట్లేదు, పైగా ఒంటి రంగు బాగా లేతగా ఉంది. కొత్త జాతి అని రాసేయొచ్చా? ఎక్కడ మొదలెట్టాలి?

జవాబు: ఆగు తమ్ముడూ. కీలో కుదరలేదంటే కొత్తదని కాదు, ఆ కీలో అది లేదని, అంతే. స్టీనస్‌లో 3,000కి పైనే జాతులున్నాయి, అన్నీ పట్టే కీ ఎక్కడుంది? రంగు అసలు నమ్మకు, ప్యూపా నుంచి అప్పుడే బయటికొచ్చిన పురుగు లేతగానే ఉంటుంది, ఒళ్లు గట్టిపడేకొద్దీ ముదురుతుంది. మూడిట్లో మగది ఉందా? పొట్ట కింద ఎనిమిదో పలక చివర నొక్కు ఉందేమో చూడు. ఉంటే ముందు ఈడియాగస్ (మగ జననాంగం) బయటికి తియ్యి, పైకి కవలల్లా ఉండే జాతులు అక్కడే విడిపోతాయి. మూడూ ఆడవే అయితే నా మాట విని డబ్బాలో పెట్టి మళ్లీ వేటకెళ్లు.

ప్రశ్న అడిగినవారు: ఒకటి మగదే అన్నా, తీశా కూడా. కానీ కండ కరిగించే కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్)లో రాత్రంతా వదిలేశా, పొద్దున్న చూస్తే గాజుముక్కలా అయిపోయింది, ఏమీ కనపడట్లేదు 😭

ఇంకో జవాబు: కంగారు పడకండి, నేనూ చేశా ఈ పని. నీళ్లలో బాగా కడిగి క్లోరజోల్ బ్లాక్ అనే నల్ల రంగు కొంచెం పట్టించండి, గీతలు తేలతాయి. ఇంకోసారి చేసేటప్పుడు 10 శాతం కేఓహెచ్ ద్రావణం వెచ్చచేసి నిమిషానికోసారి చూస్తూ ఉండండి, చాలు. డీఎన్ఏ చేయించే ఆలోచన ఉంటే కేఓహెచ్ ముట్టక ముందే ఒక కాలు తీసి ఆల్కహాల్‌లో దాచాలి. తీసిన ఈడియాగస్‌ని గ్లిసరిన్ చుక్కతో చిన్న సీసాలో పెట్టి అదే పురుగు పిన్నుకి గుచ్చండి, విడిగా పెడితే ఏది దేనిదో దేవుడికే తెలియాలి.

మొదటి జవాబిచ్చినవారు: కొలతలప్పుడు ఒళ్లు మొత్తం పొడవు ఒక్కటే రాసి ఊరుకోకు, వీటి పొట్ట టెలిస్కోప్‌లా సాగుద్ది ముడుచుకుంటది, ఎండితే ఒక లెక్క ఆల్కహాల్‌లో ఇంకో లెక్క. తల ముందు నుంచి ఎలిట్రా (గట్టి ముందు రెక్కలు) చివరి దాకా కొలువు, తల వెడల్పు, ప్రోనోటం (తల వెనక పెంకు), ఎలిట్రా పొడవు వెడల్పులు విడివిడిగా ఇవ్వు. తర్వాత దగ్గరి జాతుల టైపులు (పేరు పెట్టినప్పుడు ఆధారంగా దాచిన అసలు నమూనాలు) చూడాలి, అసలు కష్టం అక్కడే, మ్యూజియం డ్రాయర్లలో ఏముందో ఎవడికీ పూర్తిగా తెలీదు. డార్విన్ 1832లో అర్జెంటీనాలో పట్టిన రోవ్ బీటిల్ ఎక్కడో కలిసిపోయి లండన్ మ్యూజియం సేకరణలో తేలింది, డార్వినిలస్ సెడారిసి అని పేరు పడింది 2014లో!

ప్రశ్న అడిగినవారు: అన్నీ దాటి నిజంగా కొత్తదే అయితే మా అమ్మమ్మ పేరు పెట్టొచ్చా?

మొదటి జవాబిచ్చినవారు: భేషుగ్గా. ఆడవాళ్ల పేరైతే చివర ‘ఏ’, ‘ఇ’ అక్షరాలు (-ae), మగవాళ్లకైతే ఒక్క ‘ఐ’ (-i). నీ పేరే పెట్టుకోకూడదని రూలు లేదు గానీ నవ్వుతారు. ఆ మగదాన్నే హోలోటైప్ (ఆ పేరుకి ఆధారమయ్యే ఒకే ఒక్క నమూనా) చెయ్యి, ఏ మ్యూజియంలో పెడుతున్నావో పేపర్లోనే రాయాలి, ఆన్‌లైన్ జర్నల్ అయితే జూబ్యాంక్ (జంతువుల శాస్త్రీయ నామాల ఆన్‌లైన్ రిజిస్టర్) నంబర్ తప్పనిసరి. అప్పటిదాకా ఆ పేరు ఇక్కడ టైప్ చెయ్యకు బాబూ.