నీహార'కందల'మా, నీహార'కందళ'మా?

తార్నాక: ఒక పద్యపాదం నాలుక మీదే ఉంది, చిక్కడం లేదు. పెద్దన మనుచరిత్రలో హిమాలయం మీద తిరుగుతున్న ప్రవరుడు మధ్యాహ్నమైందని గుర్తుపట్టే చోటు. 'నీహారకం... చూత్కార పరంపరల్' అని వస్తుంది. నీహారమంటే మంచు. మధ్యలో ఉన్నది కందలమా, కందళమా? దాని అర్థం మొలకే అయితే నాకో అవసరం ఉంది. మా ల్యాబ్ గోడపత్రికకి అస్ఫటిక మంచు గురించి రాస్తున్నాను. అందులో నీటి అణువులు గాజులోలాగా వరసా వాయీ లేకుండా బిగుసుకుపోయి ఉంటాయి. దాన్ని మెల్లగా వేడెక్కిస్తే, మైనస్ 130, 120 డిగ్రీల ప్రాంతంలో అక్కడక్కడా కొన్ని అణువులు వరస కడతాయి. వాటి చుట్టూ మిగతావి చేరి స్ఫటికం పెరుగుతుంది. ఆ తొలి గుంపును 'కేంద్రకం' అంటున్నారు. పరమాణువుకీ అదే మాట, జీవకణానికీ అదే. కందళం అందామా అని ఆశ.

చిక్కడపల్లి మాస్టారు:
'నలినీబాంధవ భానుతప్త రవికాంతస్యంది నీహారకం
దల చూత్కారపరంపరల్ పయిపయిన్ మధ్యాహ్నముం దెల్పెడిన్'
ఇందులో ఆలోచించడానికేముంది? మొదటి పాదం 'తలమే', రెండోది 'గల', మూడోది 'నలినీ'. ప్రాస ల. కాబట్టి కందలమే.

మల్కాజిగిరి: మాస్టారూ, ల-ళలకి ప్రాస చెల్లుతుందని ఈ గ్రూపులో అందరికీ నేర్పింది మీరే. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం బేరమాడి కొన్న ప్రతి నా దగ్గరుంది, అందులో ళ ఉంది.

చిక్కడపల్లి మాస్టారు: ఏ ముద్రణ?

మల్కాజిగిరి: అట్ట లేదండీ.

చిక్కడపల్లి మాస్టారు: అట్ట లేని సాక్షి! సరే, ప్రాస వదిలేయండి, యతి చూడండి. పాదం మొదట ద ఉంది, యతిస్థానంలో 'మధ్యాహ్నం' మకారం ఉంది. ద-మలకి మైత్రెక్కడిది? పై పాదం చివరి 'కం'లో సున్న ఉంది చూశారా, అది వచ్చి దకారానికి తగులుతుంది. ఇటు 'పయిన్మధ్యాహ్నము' అని కలిపి చదివితే సంయుక్తంలో నకారం దొరుకుతుంది. బిందుయతి! మాటను రెండు పాదాలకి విరిచి, ఆ విరుపునే యతికి వాడుకున్నాడు. పెద్దన అంటే అదీ.

వనస్థలిపురం: యతి బాగుంది మాస్టారూ, కానీ ఆయన అడిగింది అర్థం. కందలానికి మొలక ఒక్కటే కాదు, మెల్లని ధ్వని అనే అర్థం కూడా నిఘంటువుల్లో ఉంది. పక్కనే చూత్కారం ఉండగా మొలకెందుకు?

మల్కాజిగిరి: ధ్వని పక్కన మళ్లీ ధ్వని పెడతాడా అక్కా పెద్దన? ఎండకి కాగిన సూర్యకాంత శిలల మీద మంచు ముక్కలు జారి, పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చుయ్యిమంటున్నాయి. మొలకల్లాంటి ముక్కలు. అంతే.

అమీర్‌పేట: ఎవరూ గమనించడం లేదు. 'భానుతప్త' తర్వాత 'కందళ'. వేడి తగిలాక మొలక! తార్నాక తమ్ముడు చెప్పిన సంగతి ఇదే కదా? పెద్దనకి తెలిసే రాశాడు.

తార్నాక: అన్నా, హిమాలయం మీది మంచు పుట్టుకతోనే షట్కోణ స్ఫటికం. అస్ఫటికానికి అక్కడి చలి చాలదు. 1935లో బర్టన్, ఆలివర్ బాగా చల్లబరిచిన లోహం మీద నీటి ఆవిరిని పేర్చి దాన్ని తయారుచేశారు. 1984లో మిషిమా బృందం మామూలు మంచునే మైనస్ 196 దగ్గర, దాదాపు 10,000 రెట్ల వాతావరణ పీడనంతో నలిపింది. స్ఫటికం కాస్తా వరస తప్పింది. సహజంగా కావాలంటే అంతరిక్షంలో ధూళి కణాల మీద వెతకాలి.

వేడి మాట మాత్రం నిజమే. కరగడానికి చాలా ముందే అది స్ఫటికమవుతుంది, అవుతూ తనే వేడి వదులుతుంది. కొన్ని తోకచుక్కలు ఎండ తగిలే కొద్దీ ఉన్నట్టుండి చెలరేగడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చంటారు. మొదట పుట్టే స్ఫటికం కూడా శుద్ధమైంది కాదు. ఘనాకారపు (క్యూబిక్) వరసలు, షట్కోణ వరసలు కలగాపులగంగా పేర్చినట్టుంటాయి. ఇంకా వేడెక్కాకే పూర్తి షట్కోణం. మా క్రయో మైక్రోస్కోపు పనిలో ఇదే పెద్ద టెన్షన్. ప్రొటీన్ ఉన్న పలచటి నీటిపొరను ద్రవ ఈథేన్‌లో ముంచి అస్ఫటికంగా బిగిస్తాం. ఆ పొరను పట్టి ఉంచే గ్రిడ్ కాస్త వేడెక్కిందా, స్ఫటికాలు లేచి బొమ్మ పాడవుతుంది. 2017 కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న డ్యుబోషే సాధించింది నీళ్లను అలా బిగించడమే.

వనస్థలిపురం: అలాగైతే మొలక కుదరదు తమ్ముడూ. మొలకకి విత్తు ఉండాలి. నీళ్లలో దుమ్ము రేణువును పట్టుకుని స్ఫటికం పుడితే సరే, ఏ ఆధారం లేకుండా మధ్యలో పుడితే?

మల్కాజిగిరి: అంకురం అనండి.

వనస్థలిపురం: దానికి మాత్రం విత్తు అక్కర్లేదా?

చిక్కడపల్లి మాస్టారు: మీరు విత్తుల దగ్గరే ఆగిపోయారు, నేను కథలోకి వెళ్లాను. 'నేడేగెదన్' అని ఈ పద్యంలోనే అంటాడు, తీరా బయల్దేరబోతే, తనను అక్కడికి చేర్చిన కాలి పసరు మంచుకి కరిగిపోయింది. మంచు చప్పుడు విని వేళ కనిపెట్టినంత చురుకైనవాడు, అదే మంచు తన పాదాల కింద చేస్తున్న పని కనిపెట్టలేదు! కష్టం రాబోతోందని కవి ఒక్క ముక్క అనలేదు, చూత్కారం వినిపించాడు. వరూధిని వర్ణనలే కంఠస్థం చేసేవాళ్లకి ఇది పట్టదు.

అమీర్‌పేట: రాయలు గండపెండేరం ఊరికే తొడిగాడా మరి.

తార్నాక: రేపు ప్రింటుకి వెళ్లాలి. 'తొలి మొలక' అని రాసి పంపేస్తున్నాను, అక్క క్షమించాలి.

చిక్కడపల్లి మాస్టారు: పంపండి. ఇంతకీ 'పయిపయిన్' అంటే మళ్లీ మళ్లీ అనా, కొండ పైపైన అనా?

వనస్థలిపురం: మళ్లీ మళ్లీ. పక్కనే పరంపర ఉందిగా.

మల్కాజిగిరి: పరంపర ఉంది కాబట్టే కాదు. పైపైన.