సమస్య: చదువురాని వాడె చక్కఁ జదివె

నిర్వాహకుడు: ఆదివారం చిక్కడపల్లి కార్యశాలలో ఒక పూటంతా పద్యాలు పైకి చదివించడంతోనే సరిపోయింది. మధ్యలో ఎవరో అన్న మాట అచ్చంగా ఆటవెలది నాలుగో పాదం! పైన మూడు పాదాలు కట్టి పూరించండి. ప్రహ్లాదుణ్ణి ఈసారికి వదిలేయండి, చదువు సమస్య ఏదొచ్చినా ఆయనే వస్తున్నాడు.

నల్లకుంట మాస్టారు:
పొలము దున్ను తాత పోతన పద్యమ్ము
చెవినిఁ బెట్టి నేర్చి చెప్పినాడు
పట్టభద్రుడేమొ పదమును విరిచెను
చదువురాని వాడె చక్కఁ జదివె

తార్నాక: తాత చెవినీ పట్టభద్రుడి నాలుకనీ ఎదురెదురుగా బాగా నిలబెట్టారు. ‘పొలము–పోతన’ యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదిరే జోడీ, వెతికి తెచ్చినట్టు లేదు. పేచీ అంతా మూడో పాదంతోనే. ‘విరిచెను’ చివరి ‘ను’ ద్రుతం, దాని వెనక ‘చదువు’ కాస్తా ‘జదువు’ అవుతుంది, ఇచ్చిన పాదమే మారిపోతుంది. ‘పదము విరిచినాడు’ అనండి. గణం చెడదు, పైన ఉన్న ‘చెప్పినాడు’కి జోడీ కూడా. ఇక నా పూరణ:

మాటలాడుకొనుచు మా వెన్కఁ గూర్చొన్న
వారి కెక్కలేదు వాక్య మొకటి
యింటఁ గూరుచున్న నెంత హాయి కదయ్య
చదువు! రాని వాడె చక్కఁ జదివె

నల్లకుంట మాస్టారు: సవరణ బాగుంది, తీసుకున్నాను. మీ విరుపు ఇంకా బాగుంది. ‘చదువు’ని పై వాక్యానికి ఇచ్చేశారని తెలిశాక మళ్లీ మొదటినుంచి చదివాను. భావం మాత్రం ఒప్పుకోను. ఇంట్లో కూర్చుంటే తప్పు పట్టేవాళ్లెవరు? అన్నట్టు, పోయిన నెల నేను ‘సరసమైన’కి ‘చదువు’తో వేసిన యతి మీద అంత రభస చేశారే! చ, జ, శ, ష, స ఒకే జట్టు కాదా?

తార్నాక: యతి చెల్లదని నేననలేదు మాస్టారూ. ‘సరసమైన’ యతి కోసమే వచ్చి కూర్చుందన్నాను. తీసేస్తే పద్యంలో భావం ఏం తగ్గుతుంది? ఇప్పటికీ అదే అంటాను.

ఉప్పల్: కొత్తగా చేరాను, టెన్షన్‌గా ఉంది. ఒక్క పాదమే కుదిరింది: ‘కార్యశాల కెళ్లి కందమ్ము నేర్చుకొని’. ఎక్కడో కుంటుతోంది, ఎక్కడో తెలియట్లేదు.

నల్లకుంట మాస్టారు: కుంటుతోందని తెలిసిందంటే చెవి ఉన్నట్టేనమ్మా. గొంతెత్తి చదువు. ‘నేర్చుకొ’ దాకా సాఫీగా వెళ్లి ‘ని’ దగ్గర తడబడతావు, ఎక్కువైన లఘువు అదే. ‘నేర్చియు’ అను. అర్థానికీ కలిసొస్తుంది: నేర్చి కూడా తప్పు చదివినవాడు ఒకడుంటేనే కింద చదువురానివాడు గెలుస్తాడు. ‘కెళ్లి’ని ‘కేగి’ చెయ్యి. సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో తెచ్చిన గోలకొండ కవుల సంచిక దొరికితే తెచ్చుకో. 354 మంది కవులున్నారు. రోజుకొకరిని పైకి చదువు, నచ్చనిచోట ఎందుకు నచ్చలేదో పక్కన రాసుకో. రాయడం తర్వాత.

తార్నాక: ఈ మాటలో మాస్టారితో నాకు పేచీ లేదు.

నిర్వాహకుడు: ఉప్పల్ గారూ, మిగతా రెండు పాదాలూ రాత్రికల్లా పెట్టండి. ‘సరసమైన’ సంగతి మీరిద్దరూ ఆ పద్యం కిందే తేల్చుకోండి.